పెరటికి పచ్చని చాటు

ఇల్లు అంటే నాలుగు గోడలూ ఒక కప్పూ అని సాధారణంగా అనుకుంటాము. కాని మన ఇళ్ళలో సగం బ్రతుకు ఆ గోడలకు వెలుపల, పెరటిలోనే జరుగుతూ వచ్చినది. తలంటి పోసుకున్న ఆడవారు జుట్టు ఆరబెట్టుకున్నది అక్కడ. బియ్యంలో రాళ్ళు ఏరినదీ, వడియాలు పెట్టినదీ, పసిపిల్లకు నూనె రాచి లేత ఎండలో పడుకోబెట్టినదీ అక్కడనే. ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ ఒకే అంతస్తు ఉన్న రోజులలో నిలువెత్తు గోడ ఒకటి ఉంటే ఈ పనులన్నిటికీ చాలినంత చాటు ఉండేది. పక్క ఇంటిపై మేడ లేచిననాడు ఆ నిలువెత్తు గోడ కొరగాకుండా పోతుంది.

శ్రోతలు మాకు వ్రాసే ఉత్తరాలలో తోటపనిని గురించినవి చాలా ఉంటాయి. వాటిలో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటి ఉన్నది. "పక్కవారు మేడ కట్టినారు. కిటికీలన్నీ మా పెరటి వైపే. త్వరగా పెరిగి చాటు ఇచ్చే మొక్క ఏదో చెప్పండి" అని. ఈ ప్రశ్నలో బరువంతా 'త్వరగా' అన్న మాట మీదనే ఉంటుంది. ఆ మాట సంగతే ఈ ప్రసంగంలో ముఖ్యంగా ముచ్చటిస్తాము.

కోరిక చిన్నదేమీ కాదు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టంలో 18వ సెక్షను, ఆచారాన్ని బట్టి సంక్రమించే హక్కులను చెబుతుంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి సరిగా ఈ విషయమే. పొరుగువారి మరుగుకు గట్టిగా భంగం కలిగేటట్లు ఎవరూ కొత్త కిటికీ తెరవరాదనే ఆచారం ఒక పట్టణంలో ఉంటే, ఆ ఆచారానికి చట్టం విలువ ఇస్తుంది. ఆనాడు చట్టం వ్రాసినవారికే ఈ ఇబ్బంది తెలుసునన్నమాట. అయితే అటువంటి ఆచారం తమ ఊరిలో ఉన్నదని రుజువు చేయవలసి ఉంటుంది. పైగా, కిటికీ మీద వ్యాజ్యం వేసి ఆ కిటికీ కిందనే కాపురం ఉండటం సుఖమైన పని కాదు. ఆకుల చాటు ఇంతకంటె మేలు.

మా ఇంటి అనుభవం ముందుగా చెబుతాము. అందులో మేము చేసిన తప్పు ఉన్నది గనుక అది పదిమందికీ పనికి వస్తుంది.

మా పెరటికి పడమట ఉన్న ఇంటిపై మేడ లేచినప్పుడు మా అమ్మగారు ఎవరినీ ఏమీ అనలేదు. పెరటి అరుగు మీదకు రావటం మాత్రం మానుకొన్నారు. పట్టపగలు గదిలో విద్యుద్దీపం వేసుకొని బియ్యం ఏరుకోసాగినారు. అది చూడలేక మేము ఒక నర్సరీకి వెళ్ళి ఒకే ఒక ప్రశ్న అడిగినాము: "అన్నిటికంటె త్వరగా పెరిగేది ఏది?" వారు కోనోకార్పస్ మొక్కలు పన్నెండు ఇచ్చినారు. గోడ పొడవునా దగ్గర దగ్గరగా నాటినాము. మొదటి ఏడాది గోడ దాటినవి. రెండవ ఏడాది పక్కవారి కిటికీని అందుకొన్నవి. మూడవ ఏడాది వారి మేడను మించిపోయినవి. అమ్మగారు మరల అరుగు మీదకు వచ్చినారు. మేము మా తెలివికి సంతోషించినాము.

నాలుగవ ఏడాది వానలలో పక్క ఇంటి మురుగునీరు పోవటం లేదని వారు తవ్వి చూచినారు. గొట్టం నిండా జుట్టు ముడివలె మా చెట్ల వేళ్ళు ఉన్నవి. "మీకు చాటైనది మాకు చేటైనది" అన్నారు పక్కింటి పెద్దాయన. మాటలో కోపం లేదు గాని, నిజం ఉన్నది. చెట్లు కొట్టించి, మొద్దులు తవ్వించి, గొట్టం బాగుచేయించేసరికి చాలా సొమ్ము అయినది. పెరడు మరల బోడిగా, కిటికీకి ఎదురుగా నిలిచినది. అమ్మగారు మరల గదిలో దీపం వేసుకొన్నారు.

ఈ చెట్టు ఉప్పునేలలకూ నీటి ఎద్దడికీ తట్టుకొనేది. అందుచేతనే ఊళ్ళలో రోడ్ల నడుమ విరివిగా నాటినారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దీనిని తమ రాష్ట్రంలో ఇక నాటరాదని ఉత్తరువు చేసినది. పుప్పొడి వలన జలుబు, దగ్గు, ఉబ్బసం వస్తాయనీ, వేళ్ళ వలన మురుగు గొట్టాలకూ భూమిలోని తీగలకూ నష్టమనీ అందుకు కారణాలుగా చెప్పినారు. పుప్పొడి విషయంలో శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. వేళ్ళ విషయం మాత్రం మేము కళ్ళారా చూచినదే.

ఇందులో ఆ చెట్టును నిందించి ప్రయోజనం లేదు. ఏడాదికి ఆరడుగులు పెరిగే మొక్కకు, మనకు కావలసిన ఎత్తు వచ్చినప్పుడు ఆగమని ఎవరు చెబుతారు? దానికి వేగం ఒక్క ఏటి గుణం కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. మొదటి ఏడాది మనకు ఆనందం ఇచ్చిన ఆ వేగమే తరువాత ఇరవై ఏళ్ళు మన చేత కత్తెర పట్టిస్తుంది. కనుక త్వరగా చాటు కావాలనుకొనేవారు మొక్క పేరు అడగటానికి ముందు చేయవలసిన పని వేరొకటి ఉన్నది. చాటు ఎక్కడ కావలెనో, ఎంత ఎత్తు కావలెనో తేల్చుకోవటం ఆ పని.

చాలామంది చాటును గోడ వెంబడే పెంచవలెననుకొంటారు. మేము కూడా అట్లాగే అనుకొన్నాము. చిన్న లెక్క ఒకటి వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. మేడమీద కిటికీ వద్ద నిలిచినవారి కన్ను నేలకు సుమారు 15 అడుగుల ఎత్తున ఉంటుంది. పెరటిలో పీట మీద కూర్చున్నవారి తల 4 అడుగుల ఎత్తున ఉన్నదనుకొందాము. ఇద్దరికీ నడుమ దూరం 20 అడుగులు. గోడ కిటికీకి 5 అడుగుల దూరంలో ఉంటే, ఆ గోడ వెంబడి పెంచిన చాటు 12 అడుగులకు పైగా లేస్తేనేగాని చూపుకు అడ్డు రాదు. అదే చాటును కూర్చున్న చోటికి 5 అడుగుల దూరంలో పెడితే 7 అడుగులు చాలును. పన్నెండు అడుగులు అంటే చెట్టు కావలె. ఏడు అడుగులు అంటే తీగ చాలును. రెండు మూడు ఏళ్ళ పని రెండు నెలల పని అవుతుంది.

లెక్కతో పని లేకుండా కూడా ఇది తెలుసుకోవచ్చును. ఒకరు మామూలుగా కూర్చునే చోట కూర్చోవలె. ఇంకొకరు పొడవైన వెదురుకర్ర పట్టుకొని ఆ కిటికీకీ కూర్చున్నవారికీ నడుమ నిలువవలె. కర్ర కొన కిటికీని కప్పేదాకా పైకి లేపి, ఆ ఎత్తు వద్ద గుర్తు పెట్టుకోవలె. రెండు మూడు చోట్ల ఇట్లా చూస్తే ఎక్కడ పెట్టితే తక్కువ ఎత్తు చాలుతుందో తెలుస్తుంది. బట్టలు ఆరవేసే తీగ వంటి చోట్ల నిలుచుండి చూడవలె. అక్కడ ఇంకొక అడుగో అడుగున్నరో ఎక్కువ కావలసి ఉంటుంది. పెరడంతా దాచవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అరుగూ, తులసికోటా, బట్టల తీగా దాగితే మిగిలిన చోటు ఎవరు చూస్తేనేమి?

చోటు తేలిన తరువాత మొక్కలు. ఇక్కడ మన తమలపాకు తోటల రైతులను గురువులుగా పెట్టుకోవచ్చును. గుంటూరు ప్రాంతపు ఆకుతోటలలో ముందు అవిసె విత్తుతారు. అవిసె చకచకా లేచి నీడా ఊతా ఇస్తుంది. దాని మొదట నాటిన తమలపాకు తీగ ఆ ఊతను పట్టుకొని నిదానంగా ఎగబ్రాకుతుంది. వేగంగా పెరిగేదానికి ఒక పని, నిలకడగా ఉండేదానికి ఇంకొక పని. ఒకే మొక్క నుంచి రెండూ ఆశించరు. మన చాటుకు కూడా ఇదే మార్గం. ఒకటి ఈ ఏటికి, ఒకటి పదేళ్ళకు. రెండూ ఒకే వానకారులో నాటవలె.

ఈ ఏటి చాటుకు తీగలను మించినవి లేవు. నిలువు పందిరి వేసుకోవటం కష్టమేమీ కాదు. తొమ్మిది అడుగుల గుంజలు మూడు తీసుకొని, నాలుగేసి అడుగుల ఎడంగా, రెండేసి అడుగులు భూమిలోకి పాతితే ఏడు అడుగుల ఎత్తూ ఎనిమిది అడుగుల వెడల్పూ గల పందిరి వస్తుంది. అడ్డంగా వెదురుబద్దలు కట్టి, నిలువుగా పురికొస లాగితే తీగకు పట్టు దొరుకుతుంది. మొదట రెండేసి అడుగులకు ఒక పాదు చేసి, పాదుకు మూడేసి బీర గింజలు పెట్టి, మొలిచిన తరువాత గట్టి మొక్కను ఉంచి మిగిలినవి తీసివేయవలె. జూన్, జూలై నెలలలో గింజ పెడితే ఆరేడు వారాలలో పందిరి కప్పుకొంటుంది. బీరకాయలు లాభం.

బీరతీగ బ్రతుకు నాలుగు నెలలే. అందుచేత ఆ పందిరి మొదటనే ఆషాఢ శ్రావణాలలో చిక్కుడు గింజలు కూడా పెట్టుకోవలె. బీర ముదిరి ఎండే వేళకు చిక్కుడు అందుకొని శీతకాలమంతా పూతా కాతాతో నిలుస్తుంది. దొండపాదు ఇంకా మేలు. కొమ్మ నాటితే నాటుకొంటుంది, ఆకు దట్టం, కొన్ని ఏళ్ళు ఉంటుంది. తీగబచ్చలి కొంచెం నీడలో కూడా బాగుంటుంది. పువ్వులే కావాలనుకొనేవారికి శంఖుపుష్పం ఉన్నది. రాధామనోహరం అందమైనదే గాని బరువైనది. వెదురు పందిరి దానిని మోయలేదు. దానికి ఇనుప ఊచల పందిరి కావలె.

చూపు పెరడంతా పరచుకొని, ఎత్తైన చాటు తప్పనిసరి అయిన చోట అవిసె వేసుకోవచ్చును. నీరు అందితే ఏడాదిలో పది అడుగులు దాటుతుంది. ఆకు కూరకు వస్తుంది. కాని ఆకు పలుచన, కింద భాగం బోడి, గాలివానకు నిలువదు. కోస్తా జిల్లాలలో అక్టోబరు, నవంబరు తుఫానులకు పడిపోయేది ఇదే. దీనిని రెండు మూడు ఏళ్ళ చుట్టముగానే చూడవలె.

ఇక నిలకడ చాటు. ఇందుకు మూడు పరీక్షలు పెట్టుకోవలె. ఏడాది పొడవునా ఆకు ఉండవలె. మొదలు దాకా గుబురుగా ఉండవలె. కత్తిరింపుకు ఓర్చుకోవలె. ఈ మూడింటిలో ఒకటి తప్పినా చాటు చాటు కాదు. గిరిపుష్పం, అంటే గ్లైరిసీడియా, కొమ్మ పాతితే చాలు లేచే మొక్క; ఆకు మంచి పచ్చిరొట్ట ఎరువు. కాని శీతకాలం చివరలో ఆకు రాల్చి, బోడి కొమ్మలకు గులాబిరంగు పూలు పూస్తుంది. కిటికీలు తెరుచుకొనే వేళకు సరిగా చాటు మాయమవుతుంది. సరుగుడు ఇసుకనేలలో చక్కగా లేస్తుంది గాని, ముదిరిన కొమ్మను నరికితే తిరిగి చిగురించటం కష్టం. చిన్ననాటి నుంచే కత్తెరలో ఉంచవలె.

మన పెరళ్ళలో ఎన్నో తరాలుగా ఉన్నవే ఈ పరీక్షలలో బాగా నెగ్గుతాయి. నందివర్ధనం ఏడాది పొడవునా పచ్చగా ఉండి, ఆరేడు అడుగులు పెరిగి, పూజకు పువ్వు ఇస్తుంది. అర నీడను కూడా ఓర్చుకొంటుంది. అడ్డసరం కొమ్మ నాటితే బ్రతుకుతుంది. దాని చేదుకు పశువులు మూతి పెట్టవు. వావిలి పది అడుగుల దాకా లేస్తుంది. బాలింత స్నానానికి వావిలాకు కోసుకొన్న ఇళ్ళు మనకు తెలియనివి కావు. దానిని కూడా పశువులు సాధారణంగా తినవు. గోరింట మొదట నిదానించినా, కత్తిరించినకొద్దీ దట్టమై, ఎండకు తట్టుకొంటుంది. నాగగొలుగు అన్నిటికంటె నిదానం, అన్నిటికంటె దట్టం. మందార త్వరగానే వస్తుంది గాని మేకలకు ప్రీతి, పిండినల్లి బెడద ఎక్కువ. వారానికొకసారి ఆకుల అడుగు భాగం చూచే ఓపిక ఉన్నవారు వేసుకోవచ్చును.

చోటు ఇరుకైతే నరమామిడి నిటారుగా లేస్తుంది. మూడు నాలుగు అడుగుల వెడల్పు చోటు విడిచిపెట్టగలవారికి వెదురు మంచిదే. అయితే గుబురుగా ఒక చోటనే పెరిగే జాతిని అడిగి తెచ్చుకోవలె. వెదురు పిలక వానకారులో నేలను చీల్చుకొని వచ్చి ఒక్క కారులోనే దాని పూర్తి ఎత్తు పెరిగిపోతుంది. కాని కొత్తగా నాటిన గుబురు బలపడి పొడవైన పిలకలు వేయటానికి రెండు మూడు ఏళ్ళు పడుతుంది. ఆకులు రాలుతూనే ఉంటాయి. చీపురు చేతిలో ఉండవలె.

ఒక హెచ్చరిక. గన్నేరు చక్కని చాటు ఇస్తుంది. నీరు లేకున్నా పచ్చగా ఉంటుంది. రోడ్ల నడుమ అందుకే వేస్తారు. కాని ఆ మొక్కలో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు కూడా అంతే. దాని గింజ మరీ ప్రమాదం. పసిపిల్లలూ పశువులూ తిరిగే పెరటిలో ఇవి వద్దు. చాటు కోసం పెంచిన మొక్క ఇంటికి భయం కాకూడదు.

నాటే పద్ధతి కూడా చెప్పుకొందాము. విడి విడి గుంటలకంటె పొడవైన కాలువ మేలు. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నింపవలె. నల్లరేగడిలో నీరు నిలువకుండా కొంచెం ఎత్తు చేయవలె. రెండు వరుసలుగా, రెండేసి అడుగుల ఎడంలో నాటుతూ, ఒక వరుసలోని ఖాళీకి ఎదురుగా రెండవ వరుసలోని మొక్క వచ్చేటట్లు చూడవలె. 15 అడుగుల పొడవుకు ఒక వరుసలో 8, రెండవ వరుసలో 7 మొక్కలు పడతాయి. గోడకు కనీసం రెండు అడుగులు ఎడం ఉండవలె. లేకుంటే వెనుక వైపు కత్తెర వేయటానికి మనిషి పోలేడు. గొట్టాలకూ మురుగు తొట్టికీ దగ్గరగా జువ్వి, మర్రి జాతులను ఎంత చిన్నవిగా కనిపించినా నాటరాదు.

మొక్క అడుగున్నర ఎత్తు కాగానే తల తుంచవలె. త్వరగా పెరగవలెనని కోరుకొనేవారికి ఇది కష్టంగా తోస్తుంది. అయినా చేయవలె. తల తుంచని మొక్క ఒక్క కొమ్మతో పైకి పోయి, కింద బోడిగా మిగులుతుంది. తుంచినది నాలుగు కొమ్మలు వేసి మొదటి నుంచి గుబురవుతుంది. తరువాత కత్తిరించేటప్పుడు అడుగు భాగం వెడల్పుగా, పై భాగం సన్నగా ఉంచవలె. అప్పుడే కింది ఆకులకు ఎండ తగులుతుంది. ఎండ తగలని చోట ఆకు ఉండదు, ఆకు లేని చోట చాటు ఉండదు.

రెండవసారి మేము ఈ ప్రకారమే చేసినాము. మొదట వెదురుకర్రతో కొలిచినాము. అరుగుకు ఐదు అడుగుల దూరంలో బీరపందిరి వేసి, దాని వెనుక నందివర్ధనాలు రెండు వరుసలు నాటినాము. ఏడవ వారానికి పందిరి నిండినది. ఒకనాటి మధ్యాహ్నం గదిలో దీపం వెలగటం లేదని గమనించి పెరటిలోకి చూచినాము. అమ్మగారు అరుగు మీద చేట ముందు పెట్టుకొని కూర్చున్నారు.

మొదటి కోతలో నాలుగు కాయలు గోడమీదుగా పక్కింటికి ఇచ్చినారు ఆమె. బీరపువ్వు సాయంకాలం విచ్చుతుందని మీకు తెలుసును. కాయలు అందుకొంటూ పక్కింటి కోడలు అన్నది: "పిన్నిగారూ, సాయంత్రం మేడమీద నుంచి చూస్తే పచ్చని పువ్వులే కనిపిస్తున్నవి. మీరు అక్కడ ఉన్నారో లేరో కూడా తెలియటం లేదు."

నందివర్ధనాలు ఇప్పుడు మా రొమ్ము దాకా వచ్చినవి. ఇంకొక రెండు వానకారులు గడిస్తే పందిరితో పని ఉండదు. అయినా బీరగింజలు పెట్టటం మానవద్దని అమ్మగారు అంటున్నారు.